గట్టిమేళం మోగకముందే



కెమెరా కొన్న కుర్రాడికి మొదటి పెళ్లి ఎప్పుడూ తెలిసినవాళ్ల ఇంటి నుంచే వస్తుంది. "ఏరా, నీ దగ్గర మంచి కెమెరా ఉందట కదా, మా చెల్లి పెళ్లికి నువ్వే తీసెయ్యి" అంటాడు స్నేహితుడు. లేదా పెద్దనాన్నగారు ఫోన్ చేసి, "బయటివాళ్లకు ఎందుకివ్వాలిరా డబ్బులు, నువ్వున్నావుగా" అంటారు. ఈ రోజుల్లో అమ్మాయిలకూ ఇలాంటి పిలుపులు వస్తున్నాయి. పిలుపు వచ్చిన రాత్రి సంతోషం, మర్నాటి నుంచి గుండె దడ. ఏ లెన్సు కొనాలి, ఏ ఫ్లాష్ అద్దెకు తేవాలి అని అందరినీ అడగడం మొదలవుతుంది. సామాను సంగతి చెప్తాను. కానీ అంతకన్నా ముందు నేర్చుకోవాల్సింది పెళ్లి. అది నేర్చుకోకుండా ఎంత ఖరీదైన కెమెరా మెడలో వేసుకున్నా, జరగాల్సింది జరిగిపోయాక ఫోటో తీస్తాం. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

సినిమాలో షాట్ బాగా రాకపోతే మళ్లీ తీస్తారు. పెళ్లిలో అలా కుదరదు. ముహూర్తం పంచాంగంలో నిమిషాలతో సహా రాసి ఉంటుంది. పురోహితుడు మన కోసం ఆగడు, ఆగకూడదు కూడా. "పంతులుగారూ, ఇంకొక్కసారి" అని వేదిక మీద అరిచే ఫోటోగ్రాఫర్లను మీరూ చూసే ఉంటారు. తాళి కట్టే పెళ్లికొడుకును అలాగే ఆపేసి, ఇటు చూడమని నవ్వించేవాళ్లనూ చూసి ఉంటారు. వాళ్లకు తంతు తెలియదు కాబట్టే తంతును ఆపుతున్నారు. తెలిసినవాడు అరనిమిషం ముందే ఆ చోట నిలబడి ఉంటాడు.

ముందుగా ఒక చిన్న పరీక్ష. తెలుగువారి పెళ్లిలో ముహూర్తం అంటే ఏ ఘడియ? కొత్తవాళ్లలో చాలామంది మంగళసూత్రం కట్టే ఘడియ అంటారు. మన ఆచారంలో శుభలేఖ మీద అచ్చువేసిన సుముహూర్తం జీలకర్ర బెల్లానిది. వధూవరుల మధ్య తెర పట్టి ఉంటుంది. జీలకర్ర, బెల్లం కలిపి నూరిన ముద్దను తమలపాకులో పెట్టి, తెర మీదుగా ఒకరి తల మీద ఒకరు ఉంచుతారు. సరిగ్గా లగ్నం వేళకు జరిగేది అది. తాళి ఆ తర్వాత ఎప్పుడో వస్తుంది. ఈ సంగతి తెలియని కుర్రాడు జీలకర్ర బెల్లం వేళకు బ్యాటరీ మార్చుకుంటూనో, పెళ్లిపందిట్లో పిల్లల ఫోటోలు తీస్తూనో ఉంటాడు.

ఆ ఫోటో తీయడానికి నిలబడాల్సిన చోటు ఒక్కటే. తెరకు ఎదురుగా నిలబడితే పెళ్లికూతురో పెళ్లికొడుకో, ఒక్కరే కనిపిస్తారు. తెర చివర, ఆ గుడ్డ అంచుకు సూటిగా నిలబడితే ఇద్దరి ముఖాలూ, రెండు చేతులూ, రెండు తలలూ ఒకే చట్రంలో పడతాయి. కానీ ఆ చివరనే తెర పట్టుకున్న మనిషి నిలబడి ఉంటాడు. ఆయన సాధారణంగా బావమరిదో, బాబాయో అవుతాడు. కాబట్టి తెర ఎత్తకముందే ఆయన దగ్గరకెళ్లి, "బాబాయిగారూ, కాస్త పక్కకు జరిగి పట్టుకోండి, గుడ్డ కొంచెం కిందికి దించండి" అని చెప్పి పెట్టుకోవాలి. తెర దించాక పెళ్లికూతురు కళ్లెత్తి చూసే చూపు రెండు మూడు క్షణాలే ఉంటుంది. ఈ మధ్య కొందరు ఆ చూపును తర్వాత మళ్లీ చూడమని చెప్పి తీస్తున్నారు. అప్పుడు కళ్లు పెళ్లికొడుకును చూడవు, కెమెరాను చూస్తాయి.

మరి ఆ క్షణం వస్తోందని మనకెలా తెలుస్తుంది? చెవులతో తెలుస్తుంది. పెళ్లి ఫోటోగ్రాఫర్‌కు కళ్లెంత ముఖ్యమో చెవులూ అంత ముఖ్యం. మంత్రం నడిచేటప్పుడు నాదస్వరం మెల్లగా, ఏదో రాగం సాగతీసుకుంటూ ఉంటుంది. పురోహితుడు చెయ్యి ఊపి భజంత్రీల వైపు చూస్తాడు. డోలు ఒక్కసారిగా ఉరుముతుంది. అదే గట్టిమేళం. ఆ వేళకు ఎవరి తుమ్మూ, ఏ అపశకునపు మాటా చెవిన పడకూడదని పెద్దలు పెట్టుకున్న ఏర్పాటు. మనకు మాత్రం అది హెచ్చరిక గంట. గట్టిమేళం జీలకర్ర బెల్లానికి ఒకసారి, మంగళసూత్రధారణకు మరోసారి మోగుతుంది. మోగిన తర్వాత చోటు వెతుక్కునేవాడికి ఫోటో దక్కదు. ఇంకొక సంగతి, మేళం మొదలయ్యాక పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. మీతో సహాయకుడు ఉంటే, లైటు పైకెత్తమనడానికీ వెనక్కి జరగమనడానికీ చేతి సైగలు ముందే అనుకుని ఉండాలి.

తాళి కట్టే ముందు మరో రెండు ఆనవాళ్లుంటాయి. పళ్లెంలో కొబ్బరిబొండం మీద మంగళసూత్రాలు ఉంచి పెద్దల దగ్గరకు తిప్పుతారు. అందరూ తాకి దీవిస్తారు. పక్కనే ఒకరు అక్షింతలు పంచుతుంటారు. ఈ రెండూ చూశారంటే మీకు కొద్ది నిమిషాల వ్యవధి ఉందన్నమాట. బ్యాటరీ, కార్డు చూసుకోండి, లెన్సు తుడుచుకోండి. పెళ్లికొడుకు సూత్రాలను రెండు చేతులా పైకెత్తి సభకు చూపిస్తాడు, అది ఒక ఫోటో. ఆడపడుచు వెనక నుంచి పెళ్లికూతురి జడ ఎత్తి పట్టుకుంటుంది, అదొక ఫోటో. తర్వాత మూడు ముళ్లు. కొత్తవాళ్లు మూడింటికీ ఒకే చోటి నుంచి బటన్ నొక్కుతూనే ఉంటారు. అనుభవం ఉన్నవాళ్లు మూడు ముళ్లను మూడు అవకాశాలుగా పంచుకుంటారు. మొదటి ముడికి ఇద్దరూ, వేదికా, వెనకనున్న తల్లిదండ్రులూ కనిపించేలా. రెండో ముడికి వేళ్లూ, పసుపుతాడూ దగ్గరగా. మూడో ముడికి వంచిన ఆమె ముఖం. అప్పటికి అక్షింతల వాన మొదలై ఉంటుంది. లెన్సుకు హుడ్ తగిలించి ఉంటే బియ్యపు గింజలు అద్దానికి తగలవు. పసుపు బియ్యం మీట సందుల్లోకి దూరితే శుభ్రం చేయడం చాలా కష్టం.

తలంబ్రాల దగ్గర ఎవరికీ ఏమీ నేర్పనక్కర్లేదు. మొదట మర్యాదగా దోసిళ్లు పోసుకుంటారు, తర్వాత పోటీ. షట్టర్ వేగం సెకనులో 250వ వంతు, వీలైతే 500వ వంతు పెట్టుకుంటే గాలిలో గింజలు గింజలుగా నిలుస్తాయి. బిందెలో ఉంగరం వెతికే వేళకు పైనుంచి కిందికి తీయండి. నీళ్లలో నాలుగు చేతుల పెనుగులాట అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది.

నేను ఎక్కువ పట్టుబట్టేది సప్తపది దగ్గర. తలంబ్రాలు అయ్యీ కాగానే సభలో సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. భోజనాల పిలుపు వస్తుంది. ఫోటోగ్రాఫర్‌కు కూడా ఆకలేస్తుంది, చేతులు లాగుతుంటాయి. సరిగ్గా అప్పుడు బ్రహ్మముడి వేసుకున్న ఇద్దరూ చిటికెన వేళ్లు పట్టుకుని అగ్ని దగ్గర ఏడడుగులు వేస్తారు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఏడో సెక్షన్ తీసి చూడండి. తంతులో సప్తపది ఉన్న పెళ్లి, ఏడో అడుగు వేయడంతో పూర్తయి ఇద్దరినీ బద్ధుల్ని చేస్తుందని అందులో ఉంది. చట్టం దృష్టిలో పెళ్లి పూర్తయ్యే ఆ అడుగు ఎన్నో ఆల్బముల్లో కనిపించదు. నేల మీద కూర్చుని, పారాణి పాదాల ఎత్తులో కెమెరా పెట్టి తీయండి. ఇద్దరి ముఖాలూ, హోమగుండమూ వచ్చేలా మరొకటి తీయండి. ఆ తర్వాత భోజనానికి వెళ్లండి.

ఇదంతా కోస్తా జిల్లాల్లో నేనెక్కువగా చూసిన క్రమం. తెలుగు దేశమంతా ఒకే పెళ్లి లేదు. తెలంగాణలో లగ్గం అంటారు. ఎదుర్కోళ్ల సందడి వేరు, ఐరేని కుండలు తెచ్చే వేడుక వేరు, పుస్తె మట్టెల వరస వేరు, రాత్రి బరాత్ వేరు. ఒక ఇంట్లో పెళ్లికూతుర్ని మేనమామ గంపలో కూర్చోబెట్టి మోసుకొస్తాడు. ఇంకొక ఇంట్లో ఆ ఆనవాయితీయే ఉండదు. కన్యాదానం కొన్నిచోట్ల జీలకర్ర బెల్లానికి ముందు, కొన్నిచోట్ల తర్వాత. మధుపర్కాలు ఎప్పుడు కట్టుకుంటారన్నది ఇంటింటికీ మారుతుంది. పుట్టింటివారిదొకటి, అత్తింటివారిదొకటి, రెండు సూత్రాలు కట్టే ఇళ్లున్నాయి. చర్చిలో పెళ్లయితే ప్రమాణాలు చేసే వేళ పీఠం దగ్గరకు రానిస్తారో లేదో పాస్టరుగారిని ముందే అడగాలి. నిఖా అయితే ఆడవారి వైపు ఎవరు తీయాలన్నది ఆ ఇంటి పెద్దలే చెప్పాలి. కాబట్టి ఒక పెళ్లి చూసి అన్నీ తెలిసిపోయాయనుకోకండి. అడగండి.

ఎవర్ని అడగాలి? పెళ్లికి వారం ముందు ఆ ఇంటికి వెళ్లండి. కెమెరా తీసుకెళ్లకండి, ఒక పుస్తకం, కలం చాలు. ముందు ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చోండి. అమ్మమ్మో, నాయనమ్మో, పెద్దత్తయ్యో. "మీ ఇంట్లో పెళ్లి ఎలా చేస్తారమ్మా?" అనండి. పెళ్లికూతుర్ని చేసిన రోజు నలుగు ఎవరు పెడతారు, మంగళస్నానానికి ఎవరు నీళ్లు పోస్తారు, గౌరీపూజ ఎక్కడ, అప్పగింతల్లో పాలలో చేతులు ముంచే ఆచారం ఉందా, అన్నీ చెబుతుంది. మగవాళ్లకు సగమే తెలుస్తుంది. తర్వాత పురోహితుడికి ఫోన్ చేయండి. "పంతులుగారూ, కొత్తగా ఫోటోలు తీస్తున్నాను. ముహూర్తం ఎన్ని గంటలకు? జీలకర్ర బెల్లం పెట్టించే ముందు నా వైపు ఒక్కసారి చూడండి చాలు" అని అడగండి. గౌరవంగా అడిగితే ఆయన చూడడమే కాదు, తన భుజం కెమెరాకు అడ్డం రాకుండా కాస్త పక్కకు కూర్చుంటారు కూడా. అడగకుండా ఆయన ముందు అడ్డంగా నిలబడితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

మూడో పని, మనుషుల జాబితా. పెళ్లి ఫోటోల మీద తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో వెలుతురు గురించి ఉండేవి తక్కువ. "మా మేనత్త ఫోటో ఒక్కటీ లేదేంటి? మా పెద్ద బావగారు వచ్చిన సంగతే ఆల్బములో లేదు" అనే ఫిర్యాదులే ఎక్కువ. మనకు ఆ ఇంట్లో ఎవరు ఎవరో తెలియదు. అటు వైపు నుంచి ఒకరిని, ఇటు వైపు నుంచి ఒకరిని అడిగి పెట్టుకోండి. బంధువులందరూ తెలిసినవాళ్లు, నోరున్నవాళ్లు అయితే మంచిది. "తాతగారిని పిలువు, వియ్యంకులిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టు" అనే పని వాళ్లది. పెద్దవాళ్ల ఫోటోలు భోజనాలకు ముందే తీసేయాలి. భోజనం చేసిన తాతగారు కారెక్కడానికి తొందరపడతారు, మళ్లీ వేదిక ఎక్కరు. ఇంట్లో నడవలేని ముసలమ్మ ఉంటే, పెళ్లికూతుర్ని ఆవిడ మంచం దగ్గరకే తీసుకెళ్లి ఒక ఫోటో తీయండి. పదేళ్ల తర్వాత ఆ ఇంట్లో అందరూ తిరగేసే పేజీ అదే అవుతుంది.

ఇప్పుడు వెలుతురు సంగతి. పెళ్లి జరిగే చోటును పెళ్లి జరిగే వేళకే వెళ్లి చూడండి. మన ముహూర్తాలు చాలావరకు రాత్రి పొద్దుపోయాకో, తెల్లవారుజామునో ఉంటాయి. పగలు చూసిన హాలు రాత్రికి వేరే హాలు. పగటి పెళ్లయి షామియానా వేస్తే దాని రంగు చూడండి. ఎర్ర గుడ్డ కిందున్న ముఖాలు ఎర్రగా, ఆకుపచ్చ గుడ్డ కిందున్న ముఖాలు పసరు రాసినట్టుగా పడతాయి. ఫ్లాష్‌ను పైకి తిప్పి కొడితే వెలుగు ఆ గుడ్డకే తగిలి, ఆ రంగే పూసుకుని కిందికి వస్తుంది. అలాంటిచోట తెల్లని రిఫ్లెక్టరు గానీ, మెత్తని గొడుగు లైటు గానీ పక్కన పెట్టుకోవాలి. షామియానా తెల్లగా వేయించమని వారం ముందు అడిగితే కొన్నిసార్లు వేయిస్తారు కూడా. పెళ్లి రోజున అడిగితే నవ్వుతారు.

కల్యాణ మండపాల్లో ఇప్పుడు ఎల్ఈడీ దీపాలు. కంటికి నిలకడగానే కనిపిస్తాయి గానీ, మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కాబట్టి చవకరకం దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ వేగం పెంచేకొద్దీ ఫోటో మీద అడ్డంగా నల్లచారలు పడతాయి. సెకనులో 50వ వంతో, 100వ వంతో పెట్టుకుంటే ఆ చారలు రావు. తలంబ్రాలకు చెప్పిన ఎక్కువ వేగం ఇలాంటి దీపాలు లేనిచోటే పనికొస్తుంది. వేదిక వెనక ఊదారంగు, నీలిరంగు లైట్లు పెట్టే డెకరేషన్ వారితో మంచిగా మాట్లాడి, ముహూర్తం వేళకు వాటిని ఆపించుకోండి. పసుపు రాసుకున్న ముఖం మీద ఊదారంగు పడితే ఏ కంప్యూటరూ దాన్ని సరిచేయలేదు.

తెల్లని మధుపర్కాలు కూడా కొత్తవాళ్లను తికమక పెడతాయి. కెమెరా మీటరు ప్రతిదాన్నీ మధ్యరకం బూడిదరంగుగా లెక్కగడుతుంది. తెల్లబట్టలు చట్రమంతా నిండితే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. తెలుపు మాసినట్టు పడుతుంది, ముఖాలు నల్లబడతాయి. అప్పుడు ఎక్స్‌పోజర్ ముప్పావు స్టాపో, ఒక స్టాపో పెంచాలి. హోమం పొగలోకి ఫ్లాష్ సూటిగా కొడితే పొగ తెల్లని తెరలా అడ్డం నిలుస్తుంది. ఫ్లాష్ ఆపేసి ఐఎస్ఓ పెంచుకుని, మంట వెలుగులోనే తీయండి. ఆ కాసేపు మీ ఫోటోల్లో అన్నిటికంటే నిజమైన రంగులు పడతాయి.

విశాఖపట్నం, కాకినాడ, నెల్లూరు వంటి సముద్రపు ఊళ్లలో ఒక జాగ్రత్త. ఏసీ గదిలో రాత్రంతా ఉన్న కెమెరాను బయటి ఉక్కలోకి ఒక్కసారిగా తెస్తే లెన్సు మీద మంచు పట్టేస్తుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. పని మొదలుకావడానికి కనీసం ఇరవై నిమిషాల ముందే, సంచిలోంచి తీయకుండా సంచితో సహా బయటికి తెచ్చి పెట్టండి. అది బయటి వేడికి అలవాటు పడాలి.

సామాను గురించి ఒకే సూత్రం. ప్రతిదీ రెండు ఉండాలి. కెమెరా రెండు, ఒకటి అద్దెదైనా సరే. ఫ్లాష్ రెండు. బ్యాటరీలు రెండు కాదు, నాలుగు. కొత్త లెన్సులు కొనకండి. 24 నుంచి 70 మిల్లీమీటర్ల జూమ్ ఒకటి, తక్కువ వెలుతురుకు 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 ఒకటి ఉంటే మొదటి పెళ్లి గట్టెక్కుతుంది. అప్పగింతల వేళ దూరం నుంచి తీయడానికి 70 నుంచి 200 లెన్సు అద్దెకు తెచ్చుకుంటే మంచిది. అద్దె సామాను పెళ్లి రోజున కాదు, రెండు రోజుల ముందే తెచ్చి చేతికి అలవాటు చేసుకోవాలి. రెండు కెమెరాల గడియారాలూ ఒకే సమయానికి పెట్టుకోండి, తర్వాత ఫోటోలు వరసలో పేర్చుకునేటప్పుడు ఈ చిన్న పని ఎంత కలిసొస్తుందో తెలుస్తుంది. రా ఫైళ్లలో తీయండి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా ఫైలు సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. అంటే 64 జీబీ కార్డులో రెండువేల ఫోటోలు పడతాయి. రెండు కార్డులు పట్టే కెమెరా అయితే రెండింట్లోనూ ఒకేసారి రాసేలా పెట్టండి. డ్రోన్లూ, క్రేన్లూ మొదటి పెళ్లికి వద్దు.

రెండువేల ఫోటోలు పడతాయి కదా అని రెండువేలూ తీయాలని లేదు. ఫిల్ము కాలంలో ఒక రోల్‌కు 36 ఫ్రేములు. యాషికా వంటి పెట్టె కెమెరాలో 120 ఫిల్ము వేస్తే పన్నెండే. ఊటీలో తయారైన ఇందు ఫిల్ము మీద తెలుపు నలుపులో పెళ్లిళ్లు తీసిన పెద్దలు, నొక్కే ముందు ఆలోచించేవారు. ఫ్రేము డబ్బులతో సమానం కాబట్టి ఏది ముఖ్యమో వాళ్లకు తెలిసి ఉండాల్సి వచ్చింది. ఆ అలవాటు ఇప్పటికీ పనికొస్తుంది. అందరూ కళ్లు మూసుకున్న ఫోటోలు నూట యాభై ఉండి, సప్తపది ఒక్కటీ లేని ఆల్బము ఎవరికి కావాలి?

పెళ్లికూతురి గది సంగతి వేరుగా చెప్పాలి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపినవాడు. పరదాలో ఉండే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. అక్కడ పనంతా ఒక ఆంగ్ల మహిళ చూసుకునేది. తనెంత పేరున్న ఫోటోగ్రాఫరైనా, అక్కడికి తాను రాకూడదని ఆయనకు తెలుసు. ఆ మర్యాద మనకూ కావాలి. పెళ్లికూతురు చీర సింగారించుకునే గదిలోకి పిలిచేదాకా వెళ్లకండి. పూలజడ, వంకీలు, వడ్డాణం, గోరింటాకు చేతులు తీయాల్సి ఉంటే తల్లో, వదినో పక్కనుండగా తీయండి. సహాయకురాలిగా ఒక అమ్మాయిని వెంట తీసుకెళ్లగలిగితే మరీ మంచిది. చాలా ఇళ్లలో అమ్మాయి ఫోటోగ్రాఫర్లకే ఎక్కువ గిరాకీ రావడానికి ఇదీ ఒక కారణం. అప్పగింతల దగ్గరా అంతే. తండ్రి ఏడుస్తుంటే ఆయన ముఖం మీదికి ఫ్లాష్ కొట్టే హక్కు మనకెవరూ ఇవ్వలేదు. దూరంగా నిలబడి, ఫ్లాష్ లేకుండా తీయండి.

డబ్బు, కాగితం, చట్టం. ఇవి మొహమాటపడి వదిలేసే విషయాలు. బంధువుల పెళ్లే అయినా ఎన్ని గంటలు తీస్తారు, ఎన్ని ఫోటోలిస్తారు, ఆల్బము ఎవరు వేయిస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. అడ్వాన్సు తీసుకోండి. డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైటు ఆ ఫోటో తీయించుకున్నవారిదే. 1957 కాపీరైటు చట్టం పదిహేడో సెక్షన్ ఈ మాట చెబుతోంది. కాబట్టి పెళ్లికూతురి ఫోటో బాగా వచ్చిందని మీ ఇన్‌స్టాగ్రాములో పెట్టేముందు వాళ్ల అనుమతి అడగాలి, అదీ రాతలో. ఇంకొక మాట. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిర్బంధ వివాహ నమోదు చట్టం చేసింది. రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు శుభలేఖతో పాటు పెళ్లి ఫోటో కూడా అడుగుతారు. విదేశాలకు వెళ్లే జంటలకు వీసా కాగితాల్లోనూ అవసరపడవచ్చు. ఇద్దరి ముఖాలూ స్పష్టంగా ఉన్న తాళి ఫోటో ఒకటి, ఆల్బము కన్నా ముందే, మర్నాడే వాళ్ల చేతికివ్వండి.

పెళ్లయిన రాత్రి ఎంత అలసిపోయినా కార్డుల్లోని ఫోటోలు రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించాకే పడుకోండి. ఒక డిస్కు మీ ఇంట్లో ఉంటే రెండోది ఇంకొకరి ఇంట్లో ఉండాలి. ఆల్బము చేతికిచ్చేదాకా కార్డులు తుడిచేయకండి.

ఈ ప్రసంగం వినేవారిలో ఫోటోగ్రాఫర్లకన్నా, పిల్లల పెళ్లిళ్లు చేయబోయే తల్లిదండ్రులే ఎక్కువ ఉంటారని నాకు తెలుసు. మీకు కొన్ని మాటలు. కొత్త కుర్రాడికో, కొత్త అమ్మాయికో మీ ఇంటి పెళ్లి అప్పగిస్తే, ముందే కూర్చోబెట్టుకుని మీ ఇంటి ఆనవాయితీ చెప్పండి. ముహూర్తానికి ముందే ఆ పిల్లలకు ఇంత భోజనం పెట్టించండి. తెల్లవారుజాము ముహూర్తానికి రాత్రంతా నిలబడేది వాళ్లే. జీలకర్ర బెల్లం వేళ, మూడు ముళ్ల వేళ, సెల్‌ఫోన్లు పట్టుకుని వేదిక మీదికి తోసుకొచ్చే బంధువులను ఒక్క నిమిషం వెనక్కి జరగమనండి. వాళ్ల ఫోన్లలో పడేది ముందున్నవాళ్ల తలకాయలే. వేదిక ముందు కూర్చున్న పెద్దలకు పెళ్లి కనిపించడమూ ముఖ్యమే కదా. ఈ మాట ఫోటోగ్రాఫర్లకు కూడా చెబుతున్నాను. తీసి పక్కకు జరగండి. మూడు గంటలు వేదికకు అడ్డంగా నిలబడ్డ ఫోటోగ్రాఫర్‌ను ఆ సభలో ఎవరూ దీవించరు.

ఇక కొత్తగా పని మొదలుపెట్టే పిల్లలకు. ఆషాఢంలో, మౌఢ్యంలో పెళ్లిళ్లుండవు. ఆ రోజుల్లో లెన్సులు శుభ్రం చేసుకోండి, చీకటి గదిలో ఇంట్లోవాళ్ల ముఖాలు తీస్తూ చేతికి అలవాటు చేసుకోండి. శ్రావణం రాగానే, మీకు పని అప్పగించిన పెళ్లి రాకముందే, తెలిసినవాళ్ల పెళ్లి ఒకటి చూసుకుని కెమెరా లేకుండా వెళ్లండి. పురోహితుడికి కాస్త దగ్గరగా కూర్చోండి. స్నాతకం నుంచి అప్పగింతల దాకా లేవకండి. ఏ తంతు ఏ మేళంతో మొదలైంది, ఎంతసేపు పట్టింది, ఎవరెక్కడ నిలబడ్డారు, ఎప్పుడు జనం లేచి వెళ్లారు, అన్నీ పుస్తకంలో రాసుకోండి. ఆ ఒక్క పుస్తకం చేతిలో ఉంటే, మీ మొదటి పెళ్లిలో గట్టిమేళం మోగేసరికి మీరు నిలబడాల్సిన చోట నిలబడి ఉంటారు.